గిర్నీ గల్లీకి ఆకుపచ్చ రంగు

తార్నాక, హైదరాబాద్
12 జూన్ 2022

ఉమత్తమ్మా,

ఆదివారం. హాస్టల్లో అందరూ బట్టలు ఉతుక్కుంటున్నారు, నేను నీకు రాస్తున్నాను. నల్లగొండ కాన్వెంట్లో పడిన అలవాటు ఇంకా పోలేదు. అక్కడ సిస్టర్ చదివాకే ఉత్తరం పోస్టులో పడేది. అందుకే నాకు తక్కువ రాయడం వచ్చింది. ఫోన్లో ఆ తక్కువ కూడా రాదు. పైగా నీ ఫోన్ ఎప్పుడూ గల్లీలో ఎవరో ఒకరి చేతిలోనే ఉంటుంది.

కొత్త ఉద్యోగంలో ఏం చేస్తున్నావని అడిగావు. ఒక ఊరి గురించి ఒక్కో ఆఫీసు దగ్గర ఒక్కో ముక్క ఉంటుంది. కరెంటు వాళ్ళ దగ్గర ఒకటి, నల్లా నీళ్ళ వాళ్ళ దగ్గర ఒకటి, బస్సుల దగ్గర, గ్యాస్ దగ్గర, దవాఖానలో పరీక్షల దగ్గర ఇంకొకటి. ఎవరి ముక్క వాళ్ళు దాచుకుంటారు. మా సంస్థ వాటన్నిటినీ తెచ్చి, నువ్వు పాత చీరలతో బొంత కుట్టినట్టు, ఒకదానికొకటి కలుపుతుంది. అప్పుడు ఊరిలో ఎక్కడ ఏం లోటుందో మ్యాప్ మీద కనిపిస్తుంది. ముందుగా తీసుకున్న ఊళ్ళలో మన పాలమూరు ఉంది.

పేర్లు మాకు కనిపించవు. ఫోన్ నంబరును కూడా ముందే ఒక గుర్తుగా మార్చి పంపుతారు. రెండు ఆఫీసుల లెక్కల్లో అదే గుర్తు ఉంటే అదే మనిషి అనుకుంటాం.

దవాఖానకు పొద్దున వెళ్ళేవాళ్ళు ఎక్కడ ఎక్కువగా ఉన్నారో చూసి బస్సు ఆగే చోట్లు మార్చమని రాశాం. మారుస్తారో లేదో తెలియదు. నీ మోకాలు ఎలా ఉంది?

నీ
భాగ్య


గిర్నీ గల్లీ, మహబూబ్‌నగర్
22 జూన్ 2022

మా అన్న బిడ్డ భాగ్యశ్రీకి అత్త దీవెనలు.

మారుస్తారో లేదో అని రాశావు. వారం నుంచి బస్సు మన గల్లీ మూల మీదే ఆగుతోంది! నా మోకాలి సంగతి అడిగావు కదా, ఆ బస్సే దానికి మందు. నేను ఊరుకుంటానా? అందరికీ చెప్పాను, ఇది నా కోడలు పిల్ల చేసిన పని అని. మూడేళ్ళు ఇదే ఇంట్లో ఉండి డిగ్రీ చదివింది, తల ఎత్తి ఎవరితో మాట్లాడేది కాదు, ఇప్పుడు చూడండి అన్నాను.

నీ ఉత్తరం అంగన్‌వాడీ అరుగు మీద కూర్చుని చదివి వినిపించాను. బిక్షమ్మ అవ్వకు భయం పట్టుకుంది. "గంటే పిల్ల హైదరాబాదుకెల్లి మన గల్లీని సూస్తాందా? మరి నేను తానం జేసేటప్పుడో?" అంది. పేర్లు కనిపించవట అవ్వా అన్నాను. "పేరు లేకుంటేంది, ఒళ్ళు నాదే గద" అంది. అందరూ పడీ పడీ నవ్వారు.

ఇది కూడా ఆగి ఆగి రాస్తున్నాను. పిల్లలకు గుడ్లు పెడుతుంటే జంగయ్య వచ్చి "టీచరక్క, గ్యాస్‌ది నంబరొచ్చిందా, జర సూడు" అంటాడు. ఆయన వెళ్ళేసరికి ఉప్పలమ్మ. వీళ్ళలో కొందరికి ఫోన్లు లేవు, ఉన్నవాళ్ళకు నెలకో కొత్త నంబరు. నాకు విసుగు లేదు. ఒకరి ఫోన్ ఇంతమందికి అక్కరకు వస్తే అది దేవుని దయే.

కొత్త సీసీ రోడ్డు అయిపోయింది. చూడడానికి బాగుంది. కానీ రోడ్డు ఎత్తు పెరిగి, కింద ఉన్న తూము పూడిపోయింది. వానొస్తే పిండి గిర్నీ వెనుక నీళ్ళు ఎటు పోతాయో.

మీ అత్త
ఉమారాణి


హైదరాబాద్
3 జూలై 2022

అత్తమ్మా,

బస్సు నేను ఆపించలేదు. ఆరుగురం కలిసి చేసిన పని, పైన ఇంకా చాలామంది ఉన్నారు. గల్లీలో అలా చెప్పకు. (చెప్పావని చదివి రెండుసార్లు నవ్వుకున్నాను. అది కూడా నిజమే.)

ఈసారి నీకొక తమాషా. పాలమూరు లెక్కలు కలుపుతుంటే ఒక విచిత్రమైన మనిషి దొరికాడు. ఆడో మగో తెలియదు, ఒక గుర్తు మాత్రమే. ఈ మనిషికి ఒక లెక్కలో నాలుగేళ్ళు, ఇంకో దాంట్లో డెబ్బై. చలికాలంలో ఒక కాన్పు, ఎండాకాలంలో మరో కాన్పు. ఇంట్లో గ్యాస్ బండలు వరుసగా వస్తూనే ఉంటాయి. కాలేజీ పిల్లల బస్సు పాసు ఉంది, ముసలివాళ్ళ పింఛనూ ఉంది. జ్వరం పరీక్షలకైతే లెక్కే లేదు. మా వాళ్ళు ఆ గుర్తుకు 'మహానుభావుడు' అని పేరు పెట్టారు. టీ తాగేటప్పుడల్లా మహానుభావుడు ఈరోజు ఏం చేశాడు అని అడుగుతారు.

ఇలాంటివి దొంగ లెక్కలో, ఎవరో బ్రోకరు నంబరో అయి ఉంటాయని, వాటిని తీసేయడానికి ఒక నియమం రాయమని శ్రీదేవి మేడం నాకు అప్పగించారు. ఒకే గుర్తు మీద ఒక మనిషికి మించిన సంగతులు ఉంటే ఆ గుర్తును, దానికి అంటుకున్నవన్నీ తీసేయాలని రాశాను. మేడం దాన్ని మీటింగులో పైకి చదివారు. చెవులు కాలిపోయాయి నాకు. కానీ సంతోషంగా ఉంది.

ఇక్కడి లైబ్రరీలో కిటికీ పక్క కుర్చీ దొరకాలంటే పొద్దున్నే వెళ్ళాలి.

భాగ్య


గిర్నీ గల్లీ
17 జూలై 2022

భాగ్యా,

నీ మహానుభావుడి కథ విని గల్లీ అంతా నవ్వింది. ఆటో ప్రేమ్‌సాగర్ అయితే మళ్ళీ మళ్ళీ చదివించుకున్నాడు. "అక్కా, గాయిన దొరికితే జెప్పుమను, నా ఆటోల ఎక్కించుకొచ్చి షాలువ గప్పుదాం. రెండు కాన్పులైన మొగోణ్ణి నేనింతవరకు సూడలే" అన్నాడు. ఆయన భార్య శైలజ "నువ్వొక్క కాన్పు జెయ్యి, తెలుస్తది" అని తలుపు చాటు నుంచి అంది.

కానీ బిడ్డా, నవ్వులు ఆ ఒక్క పూటే. వానలు పట్టుకున్నాయి. నేను అనుకున్నట్టే అయింది, గిర్నీ వెనుక నీళ్ళు నిలిచాయి. పోయే దారి లేదు. దోమలు పగలే కుడుతున్నాయి. నా అంగన్‌వాడీకి సగం మంది పిల్లలు రావడం లేదు, ఒళ్ళు కాలుతోందని తల్లులు పడుకోబెడుతున్నారు. సాయిలు ఇంట్లో ముగ్గురికి ఒకేసారి వచ్చింది. దవాఖానకు తీసుకుపోయేది, తీసుకొచ్చేది ప్రేమ్‌సాగరే. కిరాయి ఇస్తే తీసుకుంటాడు, లేకుంటే అడగడు.

ఆయన ఒకటే పట్టు పడుతున్నాడు. "అందరం బోయి ఆఫీసు ముంగట కూసుందాం. తూము తవ్వేదాంక లేవొద్దు" అంటాడు. నేనే ఆగమన్నాను. మా భాగ్య అక్కడి నుంచి చూస్తోంది, దానికి రాస్తాను, గొడవ లేకుండా పని అవుతుంది అని చెప్పాను. నీ ఊరి వాళ్ళే ధర్నా చేశారంటే రేపు నీకు ఆఫీసులో మాట వస్తుందేమో అని కూడా నా మనసులో ఉంది.

నీ మ్యాపులో మనం ఎట్లా కనిపిస్తున్నాం? చూసి రాయి.

అత్త


హైదరాబాద్
26 జూలై 2022

అత్తమ్మా,

నీ ఉత్తరం రాగానే ఫోన్ చేశాను. ఎవరో మగ గొంతు "ఎవలు?" అంది. పెట్టేశాను. అందుకని రాస్తున్నాను.

మ్యాప్ చూశాను. జ్వరాలు ఎక్కువగా ఉన్న చోటు ఎరుపు, కొంచెం ఉంటే నారింజ, లేకపోతే ఆకుపచ్చ. రైలు పట్టాల అవతల రెండు చోట్ల ఎరుపు ఉంది. గిర్నీ గల్లీ ఆకుపచ్చ. నేను పెద్దది చేసి మళ్ళీ చూశాను. చుట్టుపక్కల కంటే మన గల్లీలోనే తక్కువ. అంటే దవాఖానలో పరీక్ష చేసినా బయటపడే జ్వరాలు కావు ఇవి. వాన మారినప్పుడు వచ్చే మామూలు జలుబు, ఒళ్ళు నొప్పులు అయి ఉంటాయి. పిల్లలకు కాచిన నీళ్ళు ఇవ్వమని చెప్పు.

తూము సంగతి మేడంకు చెప్పాలనుకున్నాను. కానీ ఆకుపచ్చగా ఉన్న చోటు గురించి, అదీ మా ఇంటి దగ్గరి చోటు గురించి అడిగితే ఏమనుకుంటారో అని ఆగాను. వెళ్ళి కూర్చోవాల్సిన పని లేదని ప్రేమ్‌సాగర్ అన్నకు చెప్పు. ఎరుపు పడితే ఆఫీసు వాళ్ళే వస్తారు. ఇంతకాలం గొంతు పెద్దగా ఉన్నవాళ్ళకే పనులయ్యాయి. అది మారాలనే కదా మేము ఇంత చేస్తున్నది.

దిగులు పడకు.

భాగ్య


గిర్నీ గల్లీ
9 ఆగస్టు 2022

భాగ్యా,

నీ ఉత్తరం అరుగు మీద చదివాను. ఆకుపచ్చ అన్న మాట వినగానే ఉప్పలమ్మ చేతులు జోడించింది. చాలామందికి ధైర్యం వచ్చింది. ప్రేమ్‌సాగర్ ఒక్కడే లేచి నిలబడ్డాడు. "ఆకుపచ్చ గాకుంటే ఏముంటదక్కా, నీళ్ళ మీద నాచు పట్టింది గద" అన్నాడు. నాకు కోపం వచ్చింది. మా పిల్ల చదువు మీద నీకు అంత చులకనా అన్నాను. గట్టిగానే అన్నాను. ఆయన ధర్నా మాట మళ్ళీ ఎత్తలేదు.

నువ్వు ఫోన్ చేసినప్పుడు ఎత్తింది ఆయనే. శైలజ వాళ్ళ తమ్ముడి జ్వరం పరీక్ష మెసేజ్ చూసుకోవడానికి తీసుకుపోయాడు. "ఎవలో ఊపిరి పీల్చి పెట్టేసిండ్రక్కా" అని నవ్వాడు. నువ్వే అని నాకు తెలిసింది, చెప్పలేదు.

ఒక్క సంగతి నాకు అర్థం కావడం లేదు. జ్వరాలు పరీక్షలో బయటపడవని రాశావు. మరి దవాఖాన నుంచి నా ఫోన్‌కు వచ్చే మెసేజ్‌లలో డెంగీ పాజిటివ్ అని ఉంటోంది. నిన్న సాయిలు తల్లిది, మొన్న ఉప్పలమ్మ మనవరాలిది. గల్లీలో ఎవరు పరీక్షకు పోయినా అక్కడ నా నంబరే రాయిస్తారు కదా, వచ్చినవి నేనే చదివి చెబుతున్నాను. నీ మ్యాపుకు ఇవి ఆలస్యంగా చేరుతాయేమో. ఒకసారి అడిగి చూడు.

ప్రేమ్‌సాగర్‌కు కూడా ఒళ్ళు వెచ్చగా ఉంది. పరీక్ష చేయించుకోమంటే "నాది మామూలు జలుబే, నీ కోడలే రాసింది గద" అని నన్ను ఎత్తిపొడిచి ఆటో తీసుకుని పోయాడు. ఎత్తిపొడుపు నాకే అయినా, నవ్వుతూనే అన్నాడు.

అత్త


హైదరాబాద్
18 ఆగస్టు 2022

అత్తమ్మా,

నీ ఉత్తరం శనివారం చేరింది. వెంటనే ఫోన్ చేశాను, నువ్వే ఎత్తావు. ప్రేమ్‌సాగర్ అన్నను హైదరాబాద్ తీసుకొచ్చారని చెప్పావు. అంతలో ఎవరో నంబరు కోసం వచ్చారు, లైను కట్ అయింది. నేను చెప్పాలనుకున్నది చెప్పలేదు. లైను కట్ కాకపోయినా చెప్పేదాన్ని కాదేమో.

మహానుభావుడు ఎవరో తెలిసింది. నీ ఫోన్.

నాలుగేళ్ళు ఉన్నది అంగన్‌వాడీ పిల్లవాడికి. డెబ్బై ఏళ్ళు బిక్షమ్మ అవ్వకు. కాన్పులు ఎవరివో నీకే తెలుసు. గ్యాస్ జంగయ్యది. గల్లీ మొత్తం ఒక్క నంబరు రాయిస్తే మా లెక్కలో గల్లీ మొత్తం ఒక్క మనిషి అయింది. ఒక్క మనిషికి ఇన్ని ఉండవని నేను తీసేశాను. మీ జ్వరాలన్నీ ఆ గుర్తుతో పాటే పోయాయి. అందుకే ఆకుపచ్చ. జ్వరాలు లేక కాదు.

నేను ఆ ఇంట్లో ఉన్నాను అత్తమ్మా. నా డిగ్రీ దరఖాస్తులో కూడా నీ నంబరే రాశాను. ఆరుగురిలో మిగిలిన ఐదుగురికి తెలియకపోవచ్చు. నాకు తెలియాలి.

ఆసుపత్రికి వెళ్ళాను. శైలజ బయట వరండాలో నేల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి, "భాగ్యక్కా, నువ్వొచ్చినవ్ గద, ఇగ నాకేం ఫికర్ లేదు" అంది. కొబ్బరి నీళ్ళు తెచ్చి ఇచ్చాను. పక్కన కూర్చున్నాను. చెప్పడానికి ఎంతో సమయం ఉంది. ఆమె నా భుజం మీద తల పెట్టి కాసేపు నిద్రపోయింది. నేను చెప్పలేదు.

ఆయన్ను అద్దం లోంచి చూపించారు. కళ్ళు మూసుకుని ఉన్నాడు.

భాగ్య


గిర్నీ గల్లీ
30 ఆగస్టు 2022

భాగ్యా,

ప్రేమ్‌సాగర్ సంగతి నీకు తెలిసే ఉంటుంది. శుక్రవారం తీసుకొచ్చాం. గల్లీలో నీళ్ళున్నందుకు పెట్టెను మెయిన్ రోడ్డు నుంచి భుజాల మీద మోసుకొచ్చారు. పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే బిక్షమ్మ అవ్వ మధ్యలోనే పెద్దగా ఏడ్చింది. "నన్ను దవాఖానకు దీస్కపోయి దీస్కొస్తివి గదరా, నిన్నెవలు దీస్కొస్తరు" అని.

నీ ఉత్తరం ఒక్కదాన్నే చదివాను. అరుగు మీద అడిగారు, భాగ్య ఏం రాసింది టీచరక్కా అని. ఒంట్లో బాగాలేదట అని చెప్పాను.

తప్పు నీదేనన్నట్టు రాశావు. నీకు కనిపించింది ఒక గుర్తు. నాకు మనిషి కనిపించాడు. నా ఎదుట నిలబడి, నీళ్ళను చూపించి చెప్పాడు. నేను ఆయన నోరు మూయించాను. ఎందుకు? నా కోడలి పేరు నిలబడాలని. బస్సు వచ్చిన రోజు నుంచి నాకు కొంచెం తల తిరిగింది బిడ్డా. ఆయన పోయి ఆఫీసు ముందు కూర్చుని ఉంటే ఏమయ్యేదో దేవునికే తెలుసు. కూర్చోనివ్వలేదన్నది నాకు తెలుసు.

ఇంతకన్నా రాయలేను.

అత్త


హైదరాబాద్
25 సెప్టెంబరు 2022

అత్తమ్మా,

నెల కావస్తోంది, నీ దగ్గర నుంచి ఉత్తరం లేదు. నేను కూడా రాయలేదు. రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

నియమం మార్చాను. ఇప్పుడు ఒక గుర్తు మీద చాలామంది ఉంటే తీసేయకుండా, అక్కడ ఒకే ఫోన్ మీద బతికే ఇళ్ళు ఉన్నాయని పట్టుకుంటుంది. మార్చగానే గిర్నీ గల్లీ ఎరుపైంది. వేరే ఊళ్ళలో కూడా ఇలాంటి చోట్లు బయటపడ్డాయి. మన దగ్గరికి యంత్రం వచ్చి తూము తవ్విందని, నీళ్ళు పోయాయని ఫోటోలు వచ్చాయి. ఒక ఫోటోలో మన అంగన్‌వాడీ గోడ ఉంది.

మేడంకు అంతా చెప్పాను. మొదటిసారి ఆమె గదిలో కూర్చుని అంతసేపు మాట్లాడాను. ప్రేమ్‌సాగర్ అన్న పేరు కూడా చెప్పాను. ఆమె నా చేతి మీద చేయి వేసి, పొరపాటు లేని లెక్క ఉండదు, నువ్వు దిద్దావు, మన పనిలో ముఖ్యమైన సంగతి ఇదే అన్నారు. ఆమె మంచిదే. తర్వాతి వారం పెద్ద సమావేశంలో గిర్నీ గల్లీని చూపించారు. ముందు ఆకుపచ్చ, తర్వాత ఎరుపు, తర్వాత తూము ఫోటో. కలిపి చూసిన లెక్కలు దాగి ఉన్న జ్వరాలను కనిపెట్టాయి అన్నారు. చప్పట్లు కొట్టారు. నన్ను లేచి నిలబడమన్నారు. నిలబడ్డాను. తల దించుకున్నాను. బిడియం అనుకున్నారు.

దిద్దిన మ్యాపులో ఆయన కోసం వెతికాను. లేడు. పరీక్ష ఇక్కడ జరిగింది, మరణం ఇక్కడ నమోదైంది. అందుకని హైదరాబాద్ లెక్కలోకి వెళ్ళింది. గిర్నీ గల్లీలో డెంగీ మరణాలు ఏమీ లేవు అని వస్తుంది.

ఇంకొకటి. ఎరుపు చోట్లలో ఉన్న ఫోన్లన్నిటికీ ఒక మెసేజ్ పంపాలన్నారు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని పక్కన పెట్టి, తెలుగులో మాటలు నేనే రాశాను. అది కొద్ది రోజుల్లో మొదలవుతుంది.

నేను వచ్చి శైలజకు చెప్పనా? అరుగు మీదే, అందరి ముందే. నువ్వు ఊఁ అంటే వస్తాను.

భాగ్య


గిర్నీ గల్లీ
16 అక్టోబరు 2022

భాగ్యా,

వచ్చి చెబుతానన్నావు. ఊఁ అనాలని కలం పట్టుకున్నాను. నిన్న జరిగింది చెబుతాను, తర్వాత రావాలో వద్దో నువ్వే అనుకో.

గల్లీలో నీళ్ళు లేవు. నేల ఎండి పగుళ్ళు పడింది. పిల్లలు వస్తున్నారు. నా ఫోన్ మాత్రం మోగడం లేదు. ఒకే నంబరు రాయించొద్దని ఆఫీసు వాళ్ళు ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. ఎందుకు వద్దో చెప్పలేదు. జంగయ్య కొడుకు నంబరు రాయించాడు, ఉప్పలమ్మ అల్లుడిది. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. రావడం మానేశారు, అంతే. గుడ్లు పెట్టేటప్పుడు ఇప్పటికీ చెవి అటే ఉంటుంది.

శైలజ పింఛనుకు దరఖాస్తు పెట్టుకోవాలి. రాసిపెట్టమని నా దగ్గరికే వచ్చింది. ఫోన్ నంబరు అన్న చోట నా చేయి ఆగింది. "నాదే రాయి అక్కా" అని కొంగులో నుంచి కొత్త ఫోన్ తీసింది. బటన్ల ఫోను. ఆటో అమ్మిన పైసల్లో కొన్నదట. మెసేజ్ వస్తే ఎట్లా తెరవాలో చూపించమంది. చూపిస్తుండగానే ఒకటి వచ్చింది. ఆ ఫోన్‌కు వచ్చిన మొదటి మెసేజ్.

"సదువు అక్కా" అంది.

మీ ప్రాంతంలో డెంగీ జ్వరాలు ఉన్నాయి. ఒళ్ళు వెచ్చబడితే మామూలు జలుబే అనుకోవద్దు. ఆ రోజే దవాఖానకు వెళ్ళి పరీక్ష చేయించుకోండి.

మామూలు జలుబు అన్న మాట అరుగు మీద నీ ఉత్తరంలో చదివిందే. మాటలు నువ్వే రాశానన్నావు కదా, ఆ సంగతి చెప్పకపోయినా ఎవరివో నాకు తెలిసేది. శైలజ మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. చాలాసేపు ఆ వెలుగు వంకే చూసింది.

"జర ముందుగాల పంపకపోయిండ్రా" అంది. తర్వాత, "ఎవలు పంపిండ్రక్కా గిది?" అని అడిగింది.

సర్కారు అన్నాను.

ఈ గల్లీలో నీ గురించి చెప్పే అవకాశం వచ్చీ నీ పేరు చెప్పకపోవడం నాకు ఇదే మొదటిసారి, బిడ్డా.

మీ అత్త
ఉమారాణి